పాత ట్రాక్టర్ ట్రాలీ రింగుకు తాళం ఎలా వేయాలి?

పరకాల దగ్గర పొలం వద్ద విప్పి ఉంచే మీ పాత ట్రాలీకి బజారులో దొరికే తాళాలేవీ సరిగా కుదరడం లేదని, ఏ రకం కొనమంటారని అడిగారు. నర్సంపేట వైపు మా ఇంట్లోనూ అలాంటి రెండు చక్రాల పాత ట్రాలీయే ఉంది. తాళం కొనే ముందు రింగును, అంటే ట్రాక్టర్‌కు తగిలించేటప్పుడు పిన్ను దిగే ట్రాలీ ముందు కొనలోని ఇనుప వలయాన్ని, చూడండి.

ఏళ్ల తరబడి పిన్ను రాపిడికి రింగు లోపలి అంచు ఒకవైపే అరిగి, గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. మా ట్రాలీకి పిన్ను పెట్టాక కూడా బొటనవేలు దూరేంత సందు ఉండేది. కొత్త రింగు కొలతకు చేసిన తాళం అందులో వదులుగా ఊగుతుంది. ఆ సందులో గడ్డపార మొన దూర్చి మెలితిప్పితే ఎంత ఖరీదైన తాళమైనా నిలవడం కష్టం. అంతగా అరిగిన రింగు లోడుతో వెళ్తుండగా తెగే ప్రమాదం కూడా ఉంది కనుక, దానిని మార్పించడమే మంచిది.

మేము రింగు మార్పించాక, వరంగల్‌లో లేతు పని చేసే దుకాణంలో ఆ రంధ్రానికి బిగుతుగా సరిపోయే మందపాటి ఇనుప కడ్డీ చేయించాము. దానికి పైన రింగులో దిగబడని వెడల్పాటి తల, కింది చివర తాళంకప్ప దూరే అడ్డ రంధ్రం ఉంటాయి. రింగు కింద కడ్డీకి తొడిగే ప్లేటుకు చిన్న పైపు ముక్కను వెల్డింగ్ చేయించడంతో తాళంకప్ప అందులో ఇమిడిపోయి, కట్టర్ నోటికి దాని కొక్కెం అందడం లేదు. రింగు ఇలా నిండి ఉంటే వేరే ట్రాక్టర్ పిన్ను అందులో దిగదు.

అయినా ముందు చట్రానికి గొలుసు కట్టి ఈడ్చుకుపోయే వీలుంది కాబట్టి చక్రాన్ని కూడా కట్టేయాలి. గట్టిపరచిన ఉక్కు గొలుసును చక్రం డిస్కు రంధ్రంలోంచి తీసి, ఇరుసు చుట్టూ బిగుతుగా తిప్పి తాళం వేయండి. గొలుసు నేలకు ఆనకూడదు. ఆనితే కట్టర్ ఒక పిడిని నేలకు అదిమి, ఒంటి బరువంతా రెండో పిడిపై వేసి తెంపవచ్చు. బ్యాటరీ గ్రైండర్‌కు ఏ గొలుసైనా చివరికి తెగుతుంది, కానీ ఆ చప్పుడు రాత్రిపూట దూరం వినిపిస్తుంది.

పత్తి లోడుతో ఎనుమాముల మార్కెట్లో రాత్రంతా వరుసలో ఆగినప్పుడు, ట్రాక్టర్‌కు తగిలించిన పిన్ను ఊడదీయకుండా దాని క్లిప్పు రంధ్రంలో చిన్న తాళంకప్ప వేస్తే చాలు. పిన్ను స్థానంలో మాత్రం తాళాన్ని ఎన్నడూ వాడకండి, ఎందుకంటే అది లోడు లాగడానికి చేసినది కాదు. బయలుదేరే ముందు తాళం తీసి క్లిప్పు మళ్లీ పెట్టాలి; కుదుపులకు నాసిరకం తాళం తెరుచుకోవచ్చు.

వానకాలంలో తాళపు రంధ్రం కిందికి ఉండేలా వేయండి. లోపల ఇంజిన్ ఆయిల్ పోస్తే దుమ్ము పట్టి బిగుసుకుంటుంది. పెన్సిల్ ముల్లు పొడి మేలు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీకి ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ పాత ట్రాలీకి ఆ కాగితాలు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఛాసిస్ నంబరును ఫొటో తీసి, అదే నంబరును చట్రం లోపలివైపు, బయటికి కనిపించని చోట కూడా పంచ్ చేయించండి; పోయిన ట్రాలీ రంగు మారి దొరికినా అది మీదేనని పోలీసులకు దానితో చూపించవచ్చు.