ఆ ఏటవాలు రైలెక్కాలంటే భయమేస్తోంది, రూమ్ క్యాన్సిల్ చేసేదా?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది చెన్నై, పెరంబూరు. మా అబ్బాయికి జ్యూరిక్‌లో ఉద్యోగం, జూన్‌లో మమ్మల్ని రమ్మన్నాడు. వెంగెన్ అని కొండ మీద ఒక ఊరంట, అక్కడ రెండు రాత్రులకి రూమ్ బుక్ చేసేశాడు. ఆ ఊరికి కార్లు పోవంట, కొండెక్కే రైలొక్కటే గతి. వాడు పంపిన వీడియోలో ఆ రైలు ఎక్కే వాలు చూస్తేనే నాకు కడుపులో తిప్పేసింది. నాకు మోకాళ్ళ నొప్పులు, మావారికి 68 ఏళ్ళు, బీపీకి మందులు వాడుతున్నారు. రెండో రోజు ఇంకా పైకి, యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే మంచు కొండల చోటుకి కూడా తీసుకెళ్తానంటున్నాడు. రూమ్ క్యాన్సిల్ చేసి కింద ఇంటర్లాకెన్‌లోనే ఉండిపోదాం అంటున్నారు మావారు. మీరేమంటారు?

జవాబు: క్యాన్సిల్ చెయ్యకండమ్మా. మీ ఉత్తరం చదివితే వాలు భయం, ఎత్తు భయం రెండూ కలిసిపోయినట్టున్నాయి, వాటిని విడదీసి చూస్తే సగం బరువు దిగిపోతుంది.

ముందు వాలు సంగతి. మామూలు రైలు చక్రం నున్నటి పట్టా మీద రాపిడితోనే నడుస్తుంది, వాలు ఎక్కువైతే పట్టు దొరక్క జారుతుంది. అందుకే వెంగెన్ వెళ్ళే లైన్లో రెండు పట్టాల మధ్య పళ్ళున్న పట్టా ఇంకోటి వేశారు, నిచ్చెనని నేల మీద పడుకోబెట్టినట్టు ఉంటుంది, రైలు కింద ఉండే పళ్ళచక్రం దాని ఒక్కో మెట్టునీ పట్టుకుంటూ పైకి పోతుంది, దిగేటప్పుడు కూడా అదే పట్టు మీద, మోటార్లే బ్రేకు వేస్తుంటే నిదానంగా దిగుతుంది. వెంగెర్నాల్ప్ రైల్వే అంటారు దీన్ని, 1893 నుంచి నడుస్తోంది. మొత్తం 19 కిలోమీటర్ల లైను, అందులో బాగా నిటారుగా ఉన్న చోట వాలు 25 శాతం, అంటే నాలుగు మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి ఎక్కుతుందన్నమాట. కానీ మీరెక్కే ముక్కలో, అంటే కింద లోయలో ఉన్న లౌటర్‌బ్రున్నెన్ ఊరి నుంచి వెంగెన్ దాకా, 1910లోనే కాస్త చుట్టు తిరిగి తక్కువ వాలుతో వెళ్ళే దారి వేశారు, ఇప్పుడు రైళ్ళు వెళ్ళేది దాని మీదే. పావుగంట లోపే ఊళ్ళో దింపేస్తుంది. వీడియోలో లోయ ఒక్కటే కనిపించి భయపెడుతుంది గానీ, లోపల కూర్చున్నాక రైలు ఎంత మెల్లగా పోతుందో మీకే తెలుస్తుంది.

మోకాళ్ళ నొప్పులున్నాయి కాబట్టి సీటు మాత్రం చూసుకుని కూర్చోండి. కొండ పైవైపుకి మొహం పెట్టి కూర్చుంటే వీపు సీటుకి ఆనుకుంటుంది, హాయిగా ఉంటుంది. ఎదుటి సీట్లో కూర్చుంటే మాత్రం ఒళ్ళంతా ముందుకి జారుతూ ఉంటుంది, కాళ్ళతో తన్నిపెట్టుకుని కూర్చోవాలి, మోకాళ్ళకి అదే ఇబ్బంది. దిగేటప్పుడు కూడా ఇంతే, రైలు ఎటు పోతుందని చూడకండి, కొండ పైవైపే మొహం ఉండాలి. చక్రాల సూట్‌కేసుల్ని నిలబెట్టకుండా పడుకోబెట్టమనండి మీ అబ్బాయితో, లేకపోతే వాలు మొదలవగానే పెట్టె అవతలి వాళ్ళ కాళ్ళ మీదకి పోతుంది. పైన దిగాక లగేజీ గురించి దిగులక్కర్లేదు, ఆ ఊళ్ళో హోటళ్ళ వాళ్ళకి చిన్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లుంటాయి, ముందే ఫోన్ చేసి చెప్తే స్టేషన్‌కే వస్తారు.

ఇక ఎత్తు. మీరు రైలెక్కే లౌటర్‌బ్రున్నెన్ 796 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మన తిరుమల కంటే కూడా కొంచెం తక్కువే. వెంగెన్ 1274 మీటర్లు. బెంగళూరే 900 పైన ఉంది, ఊటీ అయితే 2200. ఊటీలో ఆయాసం లేకుండా తిరిగొచ్చిన మనిషికి వెంగెన్ ఒక లెక్కే కాదు. యుంగ్‌ఫ్రావ్‌యోక్ మాత్రం వేరే సంగతి, అది 3454 మీటర్లు, అక్కడి గాలి మన చెన్నై సముద్రపు ఒడ్డు గాలితో పోలిస్తే దాదాపు మూడో వంతు పలచన. మీవారికి బీపీ అంటున్నారు కాబట్టి బయల్దేరే ముందే ఆయన్ని చూసే డాక్టర్‌కి 3454 మీటర్లు అని అంకె చెప్పి అడగండి, ఊరికే స్విట్జర్లాండ్ వెళ్తున్నాం అంటే ఆయన కూడా సరే వెళ్ళిరండి అనేస్తారు. డాక్టర్ వద్దంటే అబ్బాయిని ఒక్కణ్ణే పైకి పంపించి మీరిద్దరూ వెంగెన్ పైన ఉండే క్లైనె షైడెగ్ స్టేషన్ వరకు వెళ్ళండి, 2061 మీటర్లు, అదే రైలు, ఐగర్ కొండ ఎదురుగానే నిలబడి ఉంటుంది. అక్కణ్ణుంచి యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కి సొరంగంలో పోయే దారి కంటే నాకు ఈ వెంగెన్-క్లైనె షైడెగ్ దారే గొప్పగా అనిపిస్తుంది, జూన్‌లో పచ్చిక, ఆవుల మెడల్లో గంటలు, అన్నీ కిటికీ పక్కనే.

ఇంటర్లాకెన్‌లో ఉండి వెళ్ళొచ్చేద్దాం అంటే పొద్దున్నుంచి రైళ్ళు మారడమే సరిపోతుంది. వెంగెన్‌కి ఒకరోజుకి వచ్చిన జనం సాయంత్రానికి దిగిపోతారు, కార్ల చప్పుడు లేదు, జూన్‌లో తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది, మీ వయసు వాళ్ళు తీరిగ్గా నడవాల్సిన ఊరు అది. స్విస్ ట్రావెల్ పాస్ కొంటే వెంగెన్ దాకా వేరే టికెట్ అక్కర్లేదు, ఆ పైకి మాత్రం డిస్కౌంట్ మాత్రమే ఇస్తారు, అది గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: అంత దూరం వెళ్ళే స్తోమత మాకు లేదు మేడమ్. అంబత్తూరులో ఉంటాం, ఇద్దరు చిన్నపిల్లలు. ఇలాంటి పళ్ళపట్టా రైలు మన దగ్గర ఉందా?

జవాబు: ఉందండీ, మీకు ఒక్క రాత్రి ప్రయాణం దూరంలోనే ఉంది. చెన్నై సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి మేట్టుపాళయం, అక్కణ్ణుంచి 7:10కి ఊటీ బండి. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ళపట్టా ఉంటుంది, రోమన్ ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి. ఈ లైన్ మీద నడిచిన ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజన్ల పుట్టిల్లు కూడా స్విట్జర్లాండే, వింటర్‌థూర్‌లో తయారయ్యాయి, తర్వాతవి మన తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాప్‌లో చేశారు. వాలు దాదాపు 8 శాతం, వెంగెన్ లైన్‌తో పోలిస్తే మూడో వంతే, కానీ ఆవిరితో ఎక్కడం వల్ల ఆ కష్టం మనకి వినిపిస్తుంది, కనిపిస్తుంది. కూనూరు దాకా ఇంజన్ వెనకుండి పెట్టెల్ని తోస్తుంది కాబట్టి ముందు పెట్టెలో కూర్చున్న పిల్లలకి ఎదురుగా పట్టాలే కనపడతాయి. ఒక్కో పెట్టెకీ ఒక బ్రేకు మనిషి బయట నిలబడి ఉంటాడు, చేతిలో జెండా, పిల్లలకి తప్పకుండా చూపించండి. 46 కిలోమీటర్లకి దాదాపు ఐదు గంటలు పడుతుంది, మధ్యలో నీళ్ళు పట్టుకోడానికి ఆగినప్పుడు దిగి ఇంజన్ని దగ్గర్నుంచి చూడొచ్చు. 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, టికెట్లు తొందరగా అయిపోతాయి, రిజర్వేషన్ తెరవగానే బుక్ చేసుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకి కొండచరియలు విరిగిపడి బండి రద్దవుతుంటుంది, అందుకని మీరు జనవరి తర్వాత పెట్టుకోండి, పిల్లలకి స్వెట్టర్లు మాత్రం మర్చిపోకండి.