బావి ట్యూబింగ్‌లో ఆస్ఫాల్టీన్ పేరుకోకుండా ఏ కెమికల్, ఎంత డోసులో వాడాలి?

మీ క్రూడ్‌లో ఆస్ఫాల్టీన్ (క్రూడ్‌లో ఉండే తారులాంటి బరువైన నల్ల పదార్థం) ఒక శాతం కూడా లేదు, అయినా ట్యూబింగ్, అంటే బావిలోంచి ఆయిల్ పైకి వచ్చే గొట్టం, పూడుకుపోతోంది, ఏ ఇన్హిబిటర్ (పేరుకోకుండా ఆపే కెమికల్) ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) వేయాలి అని అడిగారు. నేను కువైట్‌లో ప్రొడక్షన్ కెమికల్స్ పని చూస్తుంటాను. మాకు ఇది రోజూ ఉండే తలనొప్పే.

ముందు ఆ శాతం లెక్క పక్కన పెట్టండి. వెనిజులాలోని బోస్కాన్ క్రూడ్‌లో ఆస్ఫాల్టీన్ 17 శాతం దాకా ఉన్నా పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. అల్జీరియాలోని హస్సీ మెసౌద్‌లో 0.15 శాతమే ఉన్నా బావులు మూసుకుపోయాయి. తేలిక ఆయిల్‌కి ఆస్ఫాల్టీన్‌ను పట్టి ఉంచే శక్తి తక్కువ. పైకి వస్తూ ప్రెషర్ తగ్గేకొద్దీ ఆ కాస్త పట్టూ సడలుతుంది. బబుల్ పాయింట్ దగ్గర, అంటే ఆయిల్‌లోంచి గ్యాస్ బుడగలు విడిపోవడం మొదలయ్యే ప్రెషర్ దగ్గర, బెడద అన్నిటికంటే ఎక్కువ.

ఇంతకీ అది ఆస్ఫాల్టీనేనా, మైనమా? వైర్‌లైన్ వాళ్లు (బావిలోకి తీగతో పనిముట్లు దింపేవాళ్లు) గీకి తెచ్చిన ముక్కను వేడి చేసి చూడండి. మైనమైతే కరిగి జారుతుంది. ఆస్ఫాల్టీన్ నల్లగా, పెళుసుగా అలాగే ఉంటుంది. హెప్టేన్‌లో వేస్తే కదలదు, టోలుయీన్‌లో వేస్తే నల్లగా విడిపోతుంది. అందుకే మైనానికి వాడే హాట్ ఆయిల్ (వేడి చేసిన ఆయిల్ పోయడం), డీజిల్ జోలికి పోవద్దు. డీజిల్‌తో పని ఇంకా చెడే అవకాశమే ఎక్కువ.

ఇక కెమికల్. డీడీబీఎస్ఏ (డోడెసైల్ బెంజీన్ సల్ఫోనిక్ యాసిడ్), ఆల్కైల్ ఫినాల్ రెసిన్లు, సక్సినిమైడ్ రకాలు మార్కెట్లో దొరుకుతాయి. ఫలానాది మంచిదని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ఒక క్రూడ్‌కి పనిచేసింది పక్క బావికే పనిచేయకపోవచ్చు. సప్లయర్లు సాధారణంగా బాటిల్ టెస్ట్ చూపిస్తారు. గీతల గొట్టాల్లో హెప్టేన్ పోసి, కొన్ని చుక్కల క్రూడ్ కలిపి నిలబెడతారు. కెమికల్ లేని గొట్టంలో నల్ల మడ్డి అడుక్కి దిగి, పైన డికాషన్ రంగు మిగులుతుంది. కెమికల్ పడిన గొట్టం మొత్తం నల్లగానే ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ టెస్ట్ చెప్పేది రేణువులు తేలుతున్నాయని మాత్రమే. గోడకి అంటుకోవని కాదు. చిన్న రేణువులు మెల్లగా దిగుతాయి, అవే గోడకి ఎక్కువ పట్టే సందర్భాలూ ఉన్నాయి. డబ్బు పెట్టే ముందు బావి అడుగున ప్రెషర్ తగ్గకుండా తీసిన బాటమ్‌హోల్ శాంపిల్‌తో, బావి టెంపరేచర్‌లో టెస్ట్ చేయమని అడగండి. నసిగితే వేరేవాళ్లని చూసుకోండి.

నా లెక్కలో డోసు కన్నా ఎక్కడ వేస్తున్నారన్నదే ముఖ్యం. ఆస్ఫాల్టీన్ విడిపోవడం మొదలయ్యే లోతు కన్నా కిందే కెమికల్ ఆయిల్‌లో కలవాలి, అంటే కెమికల్ పంపే సన్నని గొట్టం, క్యాపిలరీ లైన్, అంతవరకూ దిగాలి. వెల్‌హెడ్ (బావి పైమూత) దగ్గర పోస్తే ఫ్లోలైన్‌కి (బావి నుంచి ప్లాంటుకి వెళ్లే పైపు) పనికొస్తుందేమో, ట్యూబింగ్‌కి మాత్రం దండగే. డోసు పదుల నుంచి వందల పీపీఎం దాకా ఉంటుంది, ట్రయల్‌లోనే తేలుతుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. ఇవి సబ్బు గుణం ఉన్నవి, సెపరేటర్‌లో ఆయిల్, నీళ్లు విడిపోక ఎమల్షన్ కడితే ప్లాంటు వాళ్లు మీ మీదకి వస్తారు. ఆయిల్, నీళ్లు విడదీయడానికి మీరు వాడే డీమల్సిఫైయర్‌తో కలిపి ముందే చూసుకోండి.

ఇప్పటికే పేరుకున్నదాన్ని ఇన్హిబిటర్ వదిలించదు. ముందు జైలీన్‌తో నానబెట్టి, అవసరమైతే కాయిల్డ్ ట్యూబింగ్‌తో (చుట్ట విప్పి బావిలోకి దింపే సన్నని పైపు) శుభ్రం చేయించి, అప్పుడు ఇంజెక్షన్ మొదలుపెట్టండి. మామూలు ఎండ వేడికే జైలీన్ నుంచి మండే ఆవిరి వస్తుంది, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, జాగ్రత్త. ఈ మధ్య ఆ బావికి యాసిడ్ జాబ్ (బావిలోకి యాసిడ్ పంపే పని) చేశారా? యాసిడ్‌లో కరిగిన ఇనుము వల్ల కూడా ఇలాంటి నల్ల స్లడ్జ్ పడుతుంది. చేసి ఉంటే వివరాలు రాయండి, అప్పుడు సంగతి వేరు.