హాట్‌డాగ్‌లో కుక్క ఎక్కడుంది?

ప్రశ్న: 'ఓకే' గ్రీకు మాట అని మా సార్ చెప్పారు. యూట్యూబ్‌లో ఒకాయనేమో అమెరికా ఆదివాసులదన్నాడు. ఏది నిజం?
– ఒక డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: రెండూ కాదు బాబూ. 1830ల చివర్లో బోస్టన్ పత్రికలవాళ్లకి ఒక వెర్రి పట్టింది. కావాలని స్పెల్లింగ్ తప్పుగా అనుకుని, ఆ తప్పు మాటల మొదటి అక్షరాలు మాత్రమే అచ్చేసేవాళ్లు. 'ఆల్ కరెక్ట్'ని 'ఓల్ కొరెక్ట్' (oll korrect) అనుకుంటే ఓ.కే., 'ఆల్ రైట్'ని కూడా అలాగే 'ఓల్ రైట్' (oll wright) అని చెడగొడితే ఓ.డబ్ల్యూ. ఇప్పుడు వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌ని జీఎం చేసినట్టే, కాకపోతే వాళ్లది తప్పుతో సహా! 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో ఈ ఓకే కనిపిస్తుంది. దాని తోటివన్నీ కొన్నాళ్లకే పోయాయి, ఇదొక్కటీ బతికిందంటే ఎన్నికల పుణ్యం. 1840లో మళ్లీ పోటీ చేసిన అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలో కిండర్‌హుక్ అనే ఊరు. 'ఓల్డ్ కిండర్‌హుక్' అంటే ఓకే అని ఆయన మనుషులు ఓకే క్లబ్బులు పెట్టేశారు, అవతలివాళ్లు అదే మాట పట్టుకుని వెటకారం చేశారు. చివరికి ఆయన ఓడిపోయాడు గానీ అప్పటికే ఆ మాట దేశమంతా తిరిగేసింది. ఇదంతా 1960ల్లో పాత పత్రికలు తిరగేసి తేల్చినాయన కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెన్ వాకర్ రీడ్. అంతకుముందు అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ అంతటివాడే అది చోక్టా ఆదివాసుల మాటని నమ్మి, స్పెల్లింగ్ కూడా అలాగే రాసేవాడు. కాబట్టి మీ యూట్యూబ్ ఆయన్ని మరీ తిట్టుకోకండి.

ప్రశ్న: హాట్‌డాగ్‌లో కుక్క మాంసం ఉండదు కదా, మరి ఆ పేరేంటి?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ఉండదమ్మా. కానీ ఉందేమోనన్న అనుమానంలోంచే ఆ పేరు పుట్టింది. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు సాసేజ్‌లు, అంటే మాంసం కూరిన గొట్టాల్లాంటివి, అమ్మేవాళ్లు, వాటిలో ఏం కూరారో పైకి తెలియదు, దాంతో జనం 'ఇది కుక్కే అయ్యుంటుంది' అని జోకులేసేవాళ్లు. 19వ శతాబ్దంలో సాసేజ్‌కి 'డాగ్' అన్నది వాడుక మాటే. 1895లో యేల్ యూనివర్సిటీ విద్యార్థులు రాత్రిపూట సాసేజ్‌లమ్మే బండిని 'డాగ్ వ్యాగన్' అనేవాళ్లు, ఆ ఏడాది వాళ్ల పత్రికలోనే 'హాట్ డాగ్స్' నమిలారన్న వాక్యం ఉంది. మీరు వినే ఉంటారు, ఇంకో కథ ఉంది. న్యూయార్క్‌లో పోలో గ్రౌండ్స్ అనే స్టేడియంలో బాగా చలిగా ఉన్న రోజున వేడి వేడి సాసేజ్‌లు అమ్ముతుంటే, టాడ్ డోర్గన్ అనే కార్టూనిస్టు వాటి బొమ్మ గీశాడట, ఆ సాసేజ్‌లకి పెట్టిన డాక్స్‌హుండ్ అనే కుక్కజాతి పేరుకి స్పెల్లింగ్ రాక హాట్ డాగ్ అని రాసేశాడట. వినడానికి భలే ఉంది. ఎంత వెతికినా ఆ కార్టూన్ మాత్రం ఎవరికీ దొరకలేదు! పైగా ఆ కథ జరిగిందనే కాలం యేల్ కుర్రాళ్ల తర్వాతే.

ప్రశ్న: న్యూయార్క్‌ని బిగ్ యాపిల్ అంటారు. అక్కడ యాపిల్ తోటలు ఎక్కువా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఆ రాష్ట్రంలో యాపిల్ బాగానే పండుతుంది గానీ ఈ పేరుకీ తోటలకీ సంబంధం లేదు. ఇది గుర్రప్పందేల మాట. 1920ల్లో జాన్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే పందేల విలేఖరి న్యూ ఆర్లీన్స్ వెళ్లినప్పుడు, గుర్రపుశాలలో పనిచేసే ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు 'ఇక్కణ్నుంచి బిగ్ యాపిల్‌కే' అనుకోవడం విన్నాడు. న్యూయార్క్ పందేలంటే పెద్ద పందేలు, పెద్ద డబ్బు అని వాళ్ల ఉద్దేశం. ఆయన ఆ మాటనే తన శీర్షికకి పేరుగా పెట్టుకుని, వాళ్ల దగ్గర విన్నానని 1924లో రాశాడు కూడా, అది ఆయన మంచితనం. తర్వాత జాజ్ సంగీతంవాళ్లు అందుకున్నారు, ఆ తర్వాత మరుగున పడింది. 1970ల మొదట్లో నేరాలతో ఊరి పేరు చెడిపోయి ఉన్నప్పుడు టూరిజంవాళ్లు దుమ్ము దులిపి మళ్లీ బయటికి తీశారు. ఫిట్జ్‌జెరాల్డ్ ఉన్న వీధి మూలకి 1997లో 'బిగ్ యాపిల్ కార్నర్' అని పేరు పెట్టారు. పేరు తెలియని ఆ ఇద్దరు కుర్రాళ్లకి మాత్రం ఏ మూలా దక్కలేదు.

ప్రశ్న: షికాగోకి 'విండీ సిటీ' అని పేరొచ్చింది గాలి వల్ల కాదు, అక్కడి నాయకుల గొప్పల వల్లనట కదా?
– అదే పాఠకుడు

జవాబు: 1893 వరల్డ్ ఫెయిర్ అనే ప్రపంచ ప్రదర్శన కోసం షికాగో, న్యూయార్క్ పోటీ పడుతున్నప్పుడు న్యూయార్క్ ఎడిటర్ చార్లెస్ డేనా ఎగతాళిగా అలా పేరు పెట్టాడని చెబుతారు. కానీ 1876లోనే సిన్సినాటి పత్రికలో ఆ మాట ఉంది, షికాగోలో సుడిగాలి వచ్చిన సందర్భంలో. అంటే అప్పటికే గాలీ ఉంది, గాలి కబుర్లన్న ఎగతాళీ ఉంది. అన్నట్టు, సగటు గాలివేగం షికాగోలో కంటే బోస్టన్‌లోనే ఎక్కువ.

ప్రశ్న: డాలర్‌ని 'బక్' అంటారెందుకు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: బక్ అంటే మగ జింక. 18వ శతాబ్దంలో ఆదివాసులతో వ్యాపారంలో జింక తోళ్లే డబ్బు. అంతే.

ప్రశ్న: ఇక్కడ బెండకాయని 'ఓక్రా' అంటున్నారు. మనం చదువుకున్న 'లేడీస్ ఫింగర్' ఏమైంది?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మనది బ్రిటిష్‌వాళ్లు నేర్పిన పేరమ్మా. ఓక్రా పశ్చిమ ఆఫ్రికా మాట, ఇగ్బో భాషలోది అంటారు. బానిసలుగా పట్టుకెళ్లిన ఆఫ్రికన్లతో పాటే ఆ కాయ, ఆ పేరు, ఆ వంటా అమెరికా చేరాయి. లూసియానాలో చేసే 'గంబో' అనే పులుసు లాంటి వంటకం పేరు కూడా అంగోలా వైపు భాషల్లో బెండకాయ పేరే. దక్షిణాదిలో వేరుశనగని 'గూబర్' అనడమూ అంతే, కాంగో వైపు 'న్గుబా' నుంచి వచ్చింది. చెట్లు నరికి పొలాలు చేసిన చేతులే ఈ మాటలనీ నాటాయి, కానీ మెనూ కార్డుల మీద ఆ సంగతి ఎవరూ రాయరు. ఇక మీ లేడీస్ ఫింగర్ అంటారా, మా మేనల్లుడు కొత్తగా అక్కడికెళ్లినప్పుడు బెండకాయ పులుసు పెట్టుకుందామని సూపర్‌మార్కెట్‌లో లేడీ ఫింగర్స్ అడిగితే, ఆ అమ్మాయి నవ్వుతూ తీసుకెళ్లి బిస్కెట్ల వరుసలో నిలబెట్టిందట.