ముఖచిత్రం రెచ్చగొట్టేలా ఉంటే అమలాపురంలో పత్రిక అమ్మేవాళ్ల మీద కేసు నిలుస్తుందా?

రెచ్చగొట్టేలా ఉన్నంత మాత్రాన నిలవదు, బొమ్మ అశ్లీలమని కోర్టు తేల్చాలి. ఎవరో నొచ్చుకోవడం వేరు, అశ్లీలం వేరు. బొమ్మను సందర్భంతో కలిపి, ఇప్పటి సమాజపు ప్రమాణాలతో చూడాలని 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో మలయాళ పత్రిక ‘గృహలక్ష్మి’ బిడ్డకు పాలిస్తున్న స్త్రీ బొమ్మను ముఖచిత్రంగా వేస్తే పెద్ద గొడవైంది. కేరళ హైకోర్టు మాత్రం అందులో అశ్లీలం కనబడలేదని పిటిషన్ కొట్టేసింది.

చాలామంది పొరబడేది ఇంకోచోట. అచ్చువేసినవాడిదే తప్పు, బస్టాండు కొట్లో తాడుకి క్లిప్పు పెట్టి వేలాడదీసినవాడికేం అనుకుంటారు. అలా కాదు. నిజంగా అశ్లీలమని తేలితే అమ్మడం, నలుగురికీ కనబడేలా పెట్టడం కూడా భారతీయ న్యాయ సంహిత 294 కింద నేరమే. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా.