ఏడు, ఎనిమిది తరగతులకు సోలార్ ప్రాజెక్టు: కిట్ కొనాలా, విడి సామాను తేవాలా?

సౌరశక్తి పాఠాన్ని పిల్లల చేత చేయించాలనుకుంటున్నాను, రెడీమేడ్ కిట్ కొనొచ్చా అని అడిగారు. కొనొద్దండీ. నేను కొని చేతులు కాల్చుకున్నవాణ్ణి. గంటలో బొమ్మ కారు బిగించేశారు, ఎండలో పెడితే పరిగెత్తింది, చప్పట్లు కొట్టారు. ఎందుకు పరిగెత్తిందని ఒక్కడూ అడగలేదు.

మాది కర్నూలు వైపు పల్లెటూరి హైస్కూలు. మరుసటి ఏడు విడి సామానే తెచ్చాను: ఆరు వోల్టుల చిన్న ప్యానెళ్లు, బొమ్మ మోటార్లు, వైర్లు, వోల్టులూ కరెంటూ కొలిచే మామూలు మల్టీమీటర్లు. నలుగురికి ఒక సెట్టు ఇచ్చి "ఫ్యాను తిప్పండి" అన్నాను, అంతే.

క్లాసులోనే మొదలెట్టారు. కిటికీ పక్కన మీటరు నాలుగు వోల్టులు దాటి చూపిస్తోంది, మోటారు మాత్రం కదలదు. "మోటారు పోయింది సార్" అన్నారు. గోడ గడియారంలోని ఒకటిన్నర వోల్టు సెల్లు తీసి పెడితే గిర్రున తిరిగింది! ఒకటిన్నరకు తిరిగేది నాలుగుకు ఎందుకు తిరగదు? ఆ రోజు పాఠమంతా ఈ ఒక్క ప్రశ్నే. మీటరును మిల్లీయాంపులకు మార్చి కరెంటు కొలిస్తే గదిలో ఒకటో రెండో, బయట ఎండలో ఎనభై పైన. వెలుతురు తగ్గితే వోల్టేజి పెద్దగా పడదు, కరెంటు మాత్రం ఎంత వెలుతురు తగ్గితే అంత పడిపోతుంది; మోటారు తిరగాలంటే ఆ కరెంటు చాలినంత ఉండాలి. నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కని సంగతి ఇది.

ఇక నీడ. ఆ ప్యానెల్‌లో అర వోల్టు సిలికాన్ సోలార్ సెల్లులు పన్నెండు వరసగా ఉంటాయి. ఒక్కదాన్ని అట్టముక్కతో మూస్తే ఏమవుతుందని అడిగాను. పన్నెండో వంతు తగ్గుతుందని లెక్క చెప్పారు. మూయగానే ఫ్యాను ఆగిపోయింది. డ్రిప్పు పైపు ఒకచోట నొక్కితే నీళ్లు ఆగినట్టేనని వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అంది. నేను చెప్పాలనుకున్న పోలిక కంటే అదే బాగుంది, నాది మింగేశాను.

ఏప్రిల్‌లో చేస్తే ఇంకోటి కూడా చూపించొచ్చు. ఎండలో బాగా కాగిన ప్యానెల్ వెనక తడిగుడ్డ పెట్టి వోల్టులు చూడమనండి, మెల్లగా పెరుగుతాయి. సిలికాన్ సెల్లుకు కావాల్సింది వెలుతురు. వేడెక్కే కొద్దీ వోల్టేజి తగ్గుతుంది. మా ఎనిమిదో తరగతి పిల్లాడి నాన్న ఇక్కడి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో ప్యానెళ్లు కడుగుతాడు. "చల్లబడాలనే కడుగుతారా సార్?" అన్నాడు ఆ పిల్లాడు. దుమ్ముకు రా అన్నాను. వాడు నమ్మలేదు, మర్నాడు నాన్నను అడిగొచ్చి మరీ ఒప్పుకున్నాడు.

పది, పన్నెండు గంటల మధ్య చేయించండి, సూర్యుడి వంక నేరుగా చూడొద్దని గట్టిగా చెప్పండి. మల్టీమీటర్లలో బ్యాటరీలు ముందురోజే చూసుకోండి; మొదటిసారి మా వాటిలో రెండు అసలు వెలగనే లేదు.