లోపలి గోడలకు రంగు కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొత్త ఇంటి లోపలి గోడలకు ఏ రంగు కొనమంటారని అడిగావు. ముందు గోడ సంగతి చూడు. నీటితో కలిపి వేసే ఎమల్షన్ రంగు ఎంత ఖరీదైనదైనా చెమ్మ గోడ మీద నిలవదు, పైగా కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లో ప్లాస్టరింగు త్వరగా ఆరదు. ఒక పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి, మర్నాడు తీసి చూడు. లోపలివైపు నీటి తుంపర కనిపిస్తే ఇంకొంత కాలం ఆగవలసిందే. తొందరపడితే సిమెంటులోని లవణాలు చెమ్మతో పాటు పైకి వచ్చి తెల్లగా పూస్తాయి, వాటితో పాటే లప్పం, రంగు పెచ్చులుగా ఊడిపోతాయి.

రంగు మన్నిక ప్రధానంగా అందులోని బైండర్ మీద, అంటే రేణువులను గోడకు పట్టి ఉంచే జిగురు మీద ఆధారపడుతుంది. కింది గోడను కప్పే శక్తి టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి నుంచి వస్తుంది. ఈ రెండూ ఖరీదైన సరుకులు కాబట్టి చవక రకాల్లో వాటిని తగ్గించి సుద్ద వంటి పొడిని పెంచుతారు. డిస్టెంపర్ అనే చవక రకం రంగు వేసిన గోడను అరచేత్తో రుద్దినప్పుడు తెల్లని పొడి అంటుకోవడానికి కారణం ఇదే. మంచి అక్రిలిక్ ఎమల్షన్ గోడనైతే తడిగుడ్డతో తుడవవచ్చు. ధరలు పోల్చేటప్పుడు డిస్టెంపర్‌ను కిలోల లెక్కన, ఎమల్షన్‌ను లీటర్ల లెక్కన అమ్ముతారని గుర్తుంచుకుని, రెండు పూతలకు చదరపు అడుగుకు ఎంత పడుతుందో లెక్క కట్టుకో.

పిల్లలు తిరిగే గదులకు, వంటగదికి కడగడానికి వీలైన, కొద్దిగా మెరుపున్న రకం మేలు. అయితే మెరుపు పెరిగేకొద్దీ లప్పంలోని ఎగుడుదిగుళ్లు బయటపడతాయి. సీలింగుకు మెరుపు లేని మామూలు రకం చాలు.

సీసం విషయంలో మాత్రం రాజీ పడవద్దు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు మించకూడదని 2016లో నియమాలు వచ్చాయి. డబ్బా మీద ఆ మాట లేని రంగును, ముఖ్యంగా తలుపులకు, కిటికీ చువ్వలకు వేసే ఎనామిల్‌ను, పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి రానివ్వకు.

కొన్ని రకాల డబ్బాలతో పెయింటర్లకు లాభం చేకూర్చే టోకెన్లు అందుతాయి కనుక వారి సిఫారసును గౌరవంగా విను, కొనుగోలు మాత్రం నువ్వే చెయ్యి. కూలిలో బేరమాడకు, సీలు నీ ఎదుట తీయించి, డబ్బా మీద చెప్పినంత నీరే కలిపించు. ఇష్టపడ్డ రంగును ముందుగా చిన్న డబ్బా కొని గోడ మీద వేయించి, పగటి వెలుగులోనూ రాత్రి దీపాల కిందా చూడు. వారం తరువాత దానినే తడిగుడ్డతో తుడిచి చూస్తే నాణ్యత తేలిపోతుంది. ఒక గదికి కావలసిన రంగంతా ఒకే బ్యాచ్ నంబరులో తీసుకుని, షేడు కోడును రాసి దాచుకో. మరమ్మతులకు అది అవసరపడుతుంది.

ఇట్లు,
మీ మామయ్య