పైసా పెట్టుబడి లేని లైట్లు

ప్రశ్న: మాది చిన్న మున్సిపాలిటీ, నేను మొదటిసారి గెలిచిన కౌన్సిలర్‌ని. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి వీధి దీపాలన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెడతాం, ఫోన్‌లోంచే ఆన్ ఆఫ్ చేసుకోవచ్చు, మీరు పైసా పెట్టక్కర్లేదు, మిగిలే కరెంటు బిల్లులోంచే మాకు కట్టండి అంటున్నారు. వచ్చే మీటింగులో చెయ్యెత్తాలా, వద్దా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: పద్ధతిలో మోసమేం లేదండీ. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను దెబ్బకి విశాఖ చీకటైపోయాక, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ అక్కడ 90 వేలకు పైగా దీపాలు ఇంచుమించు ఇలాగే మార్చింది, తర్వాత ఎన్నో ఊళ్ళు అదే దారి పట్టాయి.

చిక్కంతా ఆ ‘మిగిలే’ దగ్గరే ఉంది. ఎంతలోంచి మిగిలే? మీ ఊళ్ళో 1,000 సోడియం దీపాలు, ఒక్కోటి 250 వాట్లు, రాత్రికి 11 గంటలు వెలుగుతాయనుకోండి, మొత్తం 2,750 యూనిట్లు. వాటి స్థానంలో 110 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 1,210. అంటే రాత్రికి 1,540 యూనిట్లు మిగులు, కంపెనీ కాగితంలో ఉండేది ఇదే. కానీ ఆ వెయ్యిలో 300 ఇప్పటికే మాడిపోయి ఉంటే? మీరిప్పుడు కాలుస్తున్నది 1,925 యూనిట్లే, అసలు మిగిలేది 715. కాగితం లెక్కలో సగం కూడా లేదు, వాయిదా మాత్రం కాగితం ప్రకారమే కట్టాలి. చీకటి సందుల్లో వెలుగొస్తుంది, అది మంచిదే, కానీ దాన్ని ‘ఆదా’ అని అమ్మితే ఎలా? అందుకే పాత దీపాలు ఉండగానే మీటర్లు పెట్టి ఒక నెల రీడింగ్ తీయమనండి.

ఇక ఫోన్‌లో ఆన్ ఆఫ్ సంగతి. కొన్ని దీపాలకు కలిపి ఒక స్తంభానికి పెట్టె బిగిస్తారు, అందులో సిమ్ ఉంటుంది. దాని రీఛార్జ్ ఎవరు చేయాలో ఒప్పందంలో లేకపోతే ఇంతే సంగతులు. నేనుండే వీధిలో అలాంటి పెట్టె ఒకటి పాడై మిట్టమధ్యాహ్నం కూడా లైట్లు వెలుగుతుంటే, ఆఫీసు వాళ్ళు కంపెనీకి చెప్పమన్నారు, కంపెనీ వాళ్ళు ఆఫీసుకి చెప్పమన్నారు, చివరికి ఎదురింటాయన కర్రతో స్విచ్ కొట్టాడు (మీరు ఆ పని చేయకండి).

కాబట్టి ఆరిన దీపం ఎన్ని గంటల్లో బాగవ్వాలి, కాకపోతే బిల్లులో ఎంత కోత, లాగిన్ మున్సిపాలిటీ చేతిలో ఉంటుందా, గడువయ్యాక పెట్టెలు ఎవరివి, ఇవన్నీ రాసి ఉంటే చెయ్యెత్తండి. లేకపోతే రాసి తెమ్మనండి, నెల ఆలస్యమైతే కొంపలేం మునగవు.

మీటింగుకు ముందు ఒక రాత్రి మీ వార్డంతా తిరిగి వెలిగేవెన్నో లెక్కపెట్టండి. కంపెనీ మనిషిని కాదు, మీ మున్సిపాలిటీ ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకోండి, ఏ స్తంభం మీద దీపం ఎన్నాళ్ళుగా వెలగట్లేదో ఆయనకి నోటికొచ్చు.